బరాంకియా ఎయిర్‌పోర్టుకి విమానం కూలి పోయినాయన పేరా? దిగాలా వద్దా?

మయామి_శీను
డిసెంబర్లో కొలంబియా వెళ్దామని చూస్తున్నాం. ఇంటావిడకి కార్తహేనా కావాలి, ఆ రంగురంగుల బాల్కనీల ముందు ఫొటోలు దిగాలట. నేను చూసిన తేదీలకి కార్తహేనా టికెట్లు మండిపోతున్నాయి, బరాంకియాకి మాత్రం చాలా తక్కువలో వస్తున్నాయి. రెండూ కరీబియన్ ఒడ్డునే, మధ్యలో రోడ్డు మీద రెండు గంటలు అంటున్నారు. సరే ఇదే తీసుకుందామని ఆ ఎయిర్‌పోర్టు పేరు చూస్తే ఎర్నెస్తో కోర్తిసోస్. ఎవరయ్యా ఈయన అని వెతికితే 1924లో విమానం కూలి చనిపోయాడట! మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడకి ఈ సంగతి తెలిస్తే విమానం ఎక్కరు. ఇలాంటి పేరు ఎవరైనా పెడతారా అసలు? అది పక్కన పెట్టినా, ఆ ఊళ్ళో ఒక రోజు ఉండదగ్గది ఏమైనా ఉందా, దిగగానే కార్తహేనా బండెక్కేయడమేనా?

ఓక్లహోమా_వెంకట్
మా ఊరు రండి చూపిస్తా. ఇక్కడ పెద్ద ఎయిర్‌పోర్టు పేరు విల్ రోజర్స్, చిన్నదాని పేరు వైలీ పోస్ట్. ఇద్దరూ 1935లో అలాస్కాలో ఒకే విమానం కూలి పోయారు. రెండింటికీ వాళ్ళ పేర్లే.

పప్పుచారు
షికాగో ఓహేర్ కూడా అంతే. యుద్ధంలో విమానంతో పాటు పోయిన నేవీ పైలట్. శీనూ, అత్తగారు ఇండియా నుంచి ఏ దారిన వచ్చారు?

మయామి_శీను
షికాగో మీదుగానే. నోరు మూసుకుంటా.

కిటికీ_సీటు
నవ్వులు సరే, పేరు పెట్టడానికి మంచి కారణమే ఉంది. కోర్తిసోస్ పైలట్ కాదు, బ్యాంకరు. కురసావ్ అనే కరీబియన్ దీవి నుంచి వచ్చి స్థిరపడిన యూదుల కుటుంబం. 1919 డిసెంబర్ 5న బరాంకియాలో కొందరు స్థానిక వ్యాపారులూ కొందరు జర్మన్లూ కలిసి స్కాడ్టా అనే విమాన కంపెనీ పెట్టారు. దానికి మొదటి అధ్యక్షుడు ఈయన. ఇవాళ మీరు ఎక్కే కొలంబియా విమాన కంపెనీ ఆవియాంకా దాని వారసురాలే.

అసలు ఆ ఊళ్ళోనే ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే మ్యాప్ తీసి మగ్దలేనా నదిని చూడండి. రాజధాని బొగోతా ఎక్కడో లోపల, 2,600 మీటర్ల ఎత్తున కొండల మీద. అప్పట్లో సముద్రం ఒడ్డు నుంచి అక్కడికి నేరుగా రోడ్డూ లేదు, రైలూ లేదు. బరాంకియాలో చక్రాల స్టీమరెక్కి నదికి ఎదురు వెళ్ళాలి. నీళ్ళు బాగా ఉంటే ఎనిమిది, పది రోజులు. తగ్గాయంటే ఇసుక మేటల్లో దిగబడి వారాల తరబడి దోమలకి విందు. మధ్యలో హోండా దగ్గర నది రాళ్ళ మీద దూకుతుంది, అక్కడ దిగి రైల్లో కొంత దూరం పోయి మళ్ళీ ఇంకో స్టీమరు. చివరికి హిరార్దోత్‌లో దిగి, అక్కణ్ణించి కొండ రైలు.

వీళ్ళు చేసిందల్లా జర్మనీ నుంచి యుంకర్స్ ఎఫ్-13 విమానాలు తెప్పించి, చక్రాల బదులు తేలే బోదెలు కట్టించి నది మీద దింపడం. రన్‌వే ఖర్చు లేదు. దారి తప్పే పని లేదు, కింద నది కనిపిస్తూనే ఉంటుంది. ఇంజను మొరాయిస్తే ఎక్కడ దిగాలా అనే బెంగా లేదు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దారి ఏడెనిమిది గంటల్లో అయిపోయింది. 1920 అక్టోబర్‌లో హెల్ముత్ ఫాన్ క్రోన్ అనే పైలట్ హిరార్దోత్ దాకా తీసుకెళ్ళాడు.

1924 జూన్ 8న 'తోలిమా' అనే విమానం బరాంకియాలోనే కూలింది. ఆ ఫాన్ క్రోనూ, ఈ కోర్తిసోసూ ఇద్దరూ అందులోనే పోయారు. సొంత కంపెనీ విమానంలో ప్రాణం పోయినవాడి పేరు కాక ఇంకెవరి పేరు పెడతారండీ?

గోదావరి_గట్టు
ఎదురు ప్రవాహంలో లాంచీ ప్రయాణం ఎంత నత్తనడకో రాజమండ్రి నుంచి భద్రాచలం వైపు వెళ్ళిన మా తాతగారి తరానికి తెలుసు. పాపికొండల దగ్గర లాంచీ ఆపి భోజనాలు చేసి మళ్ళీ ఎక్కేవారట. మనకి నీళ్ళ మీద విమానం అంటే 2024 నవంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి చేసిన ట్రయల్. వీళ్ళు వందేళ్ళ కిందటే టైంటేబుల్ పెట్టి నడిపారంటే ఒప్పుకోవాలి.

పప్పుచారు
ఆ ట్రయల్ విమానం మళ్ళీ వచ్చిందా?

గోదావరి_గట్టు
అది రాజకీయాల త్రెడ్‌లో అడగండి బాబూ, ఇక్కడ మోడరేటర్ ఊరుకోడు.

చరిత్ర_చిట్టిబాబు
కిటికీ_సీటు గారు చెప్పింది బాగుంది కానీ 'ఆవియాంకా వారసురాలు' అన్న దగ్గర కొంచెం ఆగాలి. ప్రపంచంలో ఇంకా నడుస్తున్న విమాన కంపెనీల్లో డచ్చివాళ్ళ కేఎల్ఎం మొదటిది, 1919 అక్టోబర్. రెండోది మేమే అని ఆవియాంకా చెప్పుకుంటుంది, మూడోది 1920 నాటి ఆస్ట్రేలియా క్వాంటాస్. కానీ ఆవియాంకా అనే పేరు పుట్టింది 1940లో, స్కాడ్టాని ఇంకో కంపెనీతో కలిపేసి. ఆ కలపడం వెనక పెద్ద కథ ఉంది. పుట్టిన తేదీ పాతదే వాడుకుంటున్నారు, అంతే.

కిటికీ_సీటు
అదే ఊరు, అవే విమానాలు, అవే రూట్లు. పేరు మారినంత మాత్రాన వయసు తగ్గుతుందా? పెళ్ళయ్యాక ఇంటి పేరు మారిన ఆవిడని నీ పుట్టినరోజు పెళ్ళిరోజే అంటారా?

చరిత్ర_చిట్టిబాబు
పెళ్ళిరోజు రాత్రే పుట్టింటివాళ్ళందరినీ గెంటేస్తే ఆ పోలిక సరిపోదు లెండి. గెంటేశారు కూడా. రాత్రికి తీరిగ్గా రాస్తా.

స్టాంపుల_శాస్త్రి
ఈ త్రెడ్‌లో నా పని పడింది. స్కాడ్టాకి ఒక విచిత్రమైన హక్కుండేది: విమానంలో వెళ్ళే ఉత్తరానికి ప్రభుత్వ స్టాంపుతో పాటు కంపెనీ సొంత స్టాంపు కూడా అంటించాలి. కొలంబియాలోనే కాదు, బయటి దేశాల్లో ఉన్న కొలంబియా కాన్సులేట్లలో కూడా ఆ స్టాంపులు అమ్మేవారు. అక్కడ మారకం తేడాలతో ఎవరూ ఆటలాడకుండా, ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అక్షరాలు స్టాంపు మీద అదనంగా ముద్రించేవారు. అమెరికావైతే ఒక గుర్తు, జర్మనీవైతే ఇంకొకటి. హాంబర్గ్‌లో కూర్చున్న కాఫీ వ్యాపారి ఆ స్టాంపు అంటించి పంపితే, ఓడ బరాంకియా చేరాక ఉత్తరం స్టీమరు ఎక్కకుండా విమానం ఎక్కేది. కాఫీ ధర విషయంలో వారం ముందు తెలిస్తే ఎంత లాభమో వ్యాపారస్తులకి చెప్పాలా! కంపెనీని నిలబెట్టింది నా లెక్కన ప్యాసింజర్లు కాదు, ఈ ఉత్తరాలే. ఎఫ్-13లో పట్టేది నలుగురు ప్యాసింజర్లు.

స్కాడ్టా కంటే ముందే ఇంకోటుంది. 1919 జూన్ 18న విలియం నాక్స్ మార్టిన్ అనే అమెరికన్ పైలట్ బరాంకియాలో లేచి, పక్కనే ఉన్న పుయెర్తో కొలంబియా మీదికి వెళ్ళాడు. విమానంలో తోడుగా మారియో సాంతోదొమింగో అనే కుర్ర వ్యాపారి. దిగలేదు, ఉత్తరాల సంచీ పైనుంచి గిరవాటేశారు! కొలంబియా మొదటి ఎయిర్ మెయిల్ అదే. ఆ కవర్లు ఇప్పుడు కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. మనవాళ్ళు గర్వంగా ఒకటి గుర్తుంచుకోవచ్చు, అలహాబాద్ నుంచి నైనీకి ఉత్తరాలు విమానంలో వెళ్ళింది 1911 ఫిబ్రవరిలోనే.

హ్యూస్టన్_హరి
సంచీ పైనుంచి పడేయడం ఇప్పటికీ ఉందండీ. నా పోయినసారి సూట్‌కేసు చూస్తే తెలుస్తుంది.

లక్ష్మి_ఓర్లాండో
చరిత్ర అంతా అయ్యాక ఎవరైనా శీను గారి ప్రశ్నకి జవాబు చెప్తారేమోనని చూస్తున్నా. మేం రెండేళ్ళ కిందట వెళ్ళాం.

ఎయిర్‌పోర్టు బరాంకియాలో లేదు, ఆనుకుని ఉన్న సొలెదాద్‌లో ఉంది. డిసెంబర్ అంటున్నారు కాబట్టి ముందే చెప్తున్నా, డిసెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ ఈశాన్యం నుంచి గాలి తెగ వీస్తుంది. దిగేటప్పుడు విమానం ఊగుతుంది. అత్తగారికి మధ్య సీటు ఇవ్వండి. మీరు మాత్రం ఎడమ వైపు కిటికీ తీసుకోండి. పొద్దున పూట ఆకాశం తేటగా ఉంటే సియెర్రా నెవాదా దె సాంతా మార్తా కనిపిస్తుంది. కింద కొబ్బరి చెట్లూ సముద్రమూ, అటు చూస్తే మంచు శిఖరాలు! 5,700 మీటర్లు, సముద్రానికి 40 చిల్లర కిలోమీటర్ల దూరంలోనే. మా అబ్బాయి అది మబ్బు అని పందెం కాసి ఓడిపోయాడు.

ఒక రోజు కచ్చితంగా ఉండండి. నది ఒడ్డున మలెకోన్ అని పొడుగాటి నడక దారి కట్టారు, సాయంత్రం ఊరంతా అక్కడే. తినడానికి అరేపా దె వేవో. బండి మీద అమ్మే ఆవిడ మొక్కజొన్న పిండిని అరచేతిలో మందంగా తట్టి నూనెలో వేస్తుంది. పొంగగానే తీసి, అంచున కత్తితో చిన్న సందు చేసి, పచ్చి గుడ్డు కొట్టి అందులోకి జారవిడిచి, ఆ సందుని పిండితో మూసి మళ్ళీ నూనెలో వేస్తుంది. బండి దగ్గర నిలబడి ఆ చేయి చూస్తూ నేను నాలుగు తిన్నాను.

పప్పుచారు
గుడ్డు తినని వాళ్ళ సంగతేంటి మేడమ్? అత్తగార్లు సాధారణంగా...

లక్ష్మి_ఓర్లాండో
కొబ్బరి పాలతో వండిన అన్నం దొరుకుతుంది. పచ్చి అరటికాయని అణిచి వేయించిన పతకోనెస్ ప్రతిచోటా ఉంటాయి. కానీ 'మాంసం వద్దు' అంటే చేపలు పెడతారు, 'చేపలు కూడా వద్దు' అంటే రొయ్యలు పెడతారు. ఆవకాయ సీసా చెక్-ఇన్ బ్యాగులో వేసుకోండి, క్యాబిన్ బ్యాగులో వద్దు.

మయామి_శీను
థాంక్సండీ. ఎడమ వైపు కిటికీ నాది, ఖాయం.

వైజాగ్_వాసు
ఒక్క సందేహం. బరాంకియా ఓడరేవు అంటున్నారు, శాస్త్రి గారేమో పుయెర్తో కొలంబియా అంటున్నారు. పెద్ద నది సముద్రంలో కలిసే చోట ఊరు పెట్టుకుని వేరే చోట ఓడలు ఆపడమేంటి?

కిటికీ_సీటు
మంచి ప్రశ్న. నది ముఖద్వారం నిండా ఇసుక దిబ్బలు, పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అందుకని పశ్చిమాన పుయెర్తో కొలంబియాలో సముద్రంలోకి పొడుగాటి వంతెన లాంటి రేవు కట్టారు. క్యూబా నుంచి వచ్చిన ఇంజనీరు సిస్నేరోస్ కట్టించాడు, 1893లో మొదలైంది. అప్పట్లో ప్రపంచంలో అతి పొడవైన వాటిలో అదొకటి. ఓడ దిగినవాళ్ళు రేవు మీదే రైలెక్కి బరాంకియా వచ్చేవారు. సిరియా, లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు చాలామంది అడుగు పెట్టింది అక్కడే.

తర్వాత నది ముఖద్వారం దగ్గర బోకాస్ దె సెనీసాలో రెండు వైపులా రాతి గోడలు కట్టి, ప్రవాహాన్ని ఇరుకు చేసి ఇసుకని నదితోనే తోయించారు. 1936లో పని పూర్తయ్యాక ఓడలు నేరుగా బరాంకియాకే రావడం మొదలెట్టాయి. పుయెర్తో కొలంబియా పడుకుంది. 2009లో అలలకి ఆ రేవులో ఒక ముక్క కూలిపోయింది కూడా. విమానంలోంచి చూస్తే బోకాస్ దె సెనీసా తెలిసిపోతుంది: గోధుమ రంగు నది నీలం సముద్రంలోకి దూరి కొంత దూరం కలవకుండా గీత గీసినట్టు పోతుంది.

వైజాగ్_వాసు
అర్థమైంది. హార్బర్లో డ్రెడ్జర్ మీద పనిచేసినవాణ్ణి, ఇసుకతో పేచీ నాకు కొత్త కాదు. నదితోనే తోయించడం మాత్రం బ్రహ్మాండం.

చరిత్ర_చిట్టిబాబు
చెప్తానన్న కథ. స్కాడ్టా కొలంబియాతో ఆగలేదు. పీటర్ పాల్ ఫాన్ బావర్ అనే ఆస్ట్రియన్ పెద్దమనిషి దాన్ని నడిపిస్తున్నాడు. 1925లో డోర్నియర్ వాల్ అనే ఎగిరే పడవలతో బరాంకియా నుంచి బయల్దేరి మధ్య అమెరికా, క్యూబా మీదుగా ఫ్లోరిడా దాకా వచ్చాడు. రెగ్యులర్ సర్వీసు పెడతా, అనుమతి ఇవ్వండి అన్నాడు. వాషింగ్టన్ ఇవ్వలేదు. పనామా కాలువకి కూతవేటు దూరంలో జర్మన్ పైలట్లు ఫ్లోరిడాకి దారి వేసుకుంటుంటే ఏ సైన్యం ఊరుకుంటుంది? అమెరికాకంటూ సొంత అంతర్జాతీయ విమాన కంపెనీ కావాలన్న ఆలోచన గట్టిపడింది ఆ భయంలోనే. 1927లో పానామ్ పుట్టింది.

1931 నవంబర్‌లో పానామ్ పెద్ద ఎగిరే పడవ మయామి నుంచి బరాంకియా మీదుగా కాలువ దాకా మొదటి ట్రిప్పు వేసింది. నడిపింది ఎవరనుకున్నారు, అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్. శీను గారూ, మీరు డిసెంబర్లో పోయేది దాదాపు ఆ దారే.

అసలు మెలిక ఇప్పుడు. అదే 1931లో పానామ్ అధిపతి హువాన్ ట్రిప్ స్కాడ్టాలో అత్యధిక వాటా గుట్టుగా కొనేశాడు. ఫాన్ బావర్‌కి డబ్బు అవసరం, అమ్మేశాడు. కొలంబియా ప్రభుత్వానికి చెప్పలేదు. బయటికి మాత్రం జర్మన్ల కంపెనీయే! జర్మన్లు వచ్చేస్తున్నారని అమెరికా పత్రికలు గోల పెడుతున్న రోజుల్లో ఆ జర్మన్లకి జీతాలిచ్చే యజమాని న్యూయార్క్‌లో ఉన్నాడన్నమాట. 1940 జూన్‌లో, యుద్ధం ముదిరాక, రాత్రికి రాత్రి జర్మన్ సిబ్బంది మొత్తాన్ని తీసేసి, ముందే సిద్ధంగా ఉంచిన అమెరికన్ పైలట్లని కూర్చోబెట్టారు. మర్నాడు విమానాలు మామూలుగానే లేచాయి. ఆ వారంలోనే ఆవియాంకా. అందుకే వయసు లెక్కలో నాకు పేచీ.

హ్యూస్టన్_హరి
చిట్టిబాబు గారూ, గూఢచారులే కదా వాళ్ళు? తీసేయక హారతి ఇస్తారా?

చరిత్ర_చిట్టిబాబు
అందరూనా? ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉండి, అక్కడి అమ్మాయిల్ని పెళ్ళాడి, పిల్లల్ని స్పానిష్ బళ్ళలో వేసుకున్న పైలట్లు వాళ్ళల్లో ఉన్నారు. నాజీ అభిమానులూ కొందరుండొచ్చు. అందర్నీ ఒకే తాడుతో కట్టేసి బయటికి పంపడం యుద్ధకాలపు లెక్క, న్యాయం లెక్క కాదు.

హ్యూస్టన్_హరి
కాలువ పేలిపోయాక న్యాయం గురించి మాట్లాడుకుందురు గాని. నాకైతే ట్రిప్ చేసింది దొంగ వ్యాపారం, జర్మన్లని తీసేయడం సబబే. రెండూ వేరే వేరే.

కిటికీ_సీటు
జర్మన్లని తీసేయడం సబబే అన్న హరి గారి మాటతో నాకు పేచీ, దొంగ వ్యాపారం అన్నదానితో లేదు. తొమ్మిదేళ్ళు దాచిన ట్రిప్‌కి కాలువ భద్రత మీద నిజంగా బెంగుంటే 1931లోనే తీసేయాలి కదా. తక్కువ జీతానికి మంచి పైలట్లు, అందుకే ఉంచుకున్నాడు.

పప్పుచారు
మా మేనేజర్ గుర్తొచ్చాడు. లీలగా.

కడప_కుర్రోడు
అన్నా మీరంతా బరాంకియా బరాంకియా అంటున్నారు, షకీరా పుట్టిన ఊరు అని ఒక్కడైనా చెప్పాడా? ఇన్ని పోస్టులు చదివినా!

లక్ష్మి_ఓర్లాండో
ఊళ్ళో ఆవిడ విగ్రహం కూడా ఉంది తమ్ముడూ, అదే మలెకోన్ మీద. ఫొటోకి క్యూ కట్టాలి.

మయామి_శీను
ఇంటావిడ ఈ త్రెడ్ చదివింది. షకీరా విగ్రహం చూసి ఒక రోజు బరాంకియాకి ఒప్పుకుంది, విమానాల చరిత్ర చూసి కాదు. కార్తహేనాలో కోట తప్ప ఇంకేం ఉందో కూడా చెప్పండి, ఆ సాన్ ఫెలిపే అన్న పేరొక్కటే తెలుసు.

గోదావరి_గట్టు
ఆ కోట దగ్గర ఒంటి కాలి విగ్రహం ఉంటుంది, దాన్ని వదలొద్దు. బ్లాస్ దె లేసో. ఒక కాలు లేదు, ఒక కన్ను లేదు, ఒక చెయ్యి పనిచేయదు. 1741లో ఇంగ్లీషు అడ్మిరల్ వెర్నన్ బ్రహ్మాండమైన నౌకాదళంతో వచ్చి మీద పడ్డాడు. మొదట్లో కొంచెం గెలవగానే లండన్‌కి కబురు పంపేశాడు. అక్కడ సంబరాలు చేసుకుని పతకాలు కూడా పోత పోయించారు, లేసో మోకాళ్ళ మీద కూర్చుని వెర్నన్‌కి కత్తి అప్పగిస్తున్నట్టు! ఇక్కడేమో జ్వరాలొచ్చి, కోట మీద దాడి చెడి, వెర్నన్ తిరుగుముఖం పట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ వెర్నన్ కింద పనిచేసిన లారెన్స్ వాషింగ్టన్ తన ఎస్టేటుకి ఆయన పేరే పెట్టుకున్నాడు, తర్వాత అది తమ్ముడు జార్జికి వచ్చింది. మౌంట్ వెర్నన్ చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో.

ఓక్లహోమా_వెంకట్
అక్కడి ఎయిర్‌పోర్టు పేరు సంగతేంటి? అదీ కూలిన కేసేనా?

గోదావరి_గట్టు
కాదు. రఫాయెల్ నూన్యెస్, నాలుగుసార్లు దేశాధ్యక్షుడు, జాతీయగీతం రాసినాయన. 1894లో పోయాడు, విమానం అనేదే చూడలేదు. అత్తగారికి పూర్తి సురక్షితం. పైగా పాత ఊరికి పదిహేను నిమిషాలు.

మయామి_శీను
ఆహా. అయితే రావడం బరాంకియాలో, తిరుగు ప్రయాణం కార్తహేనా నుంచి చూస్తా.

లక్ష్మి_ఓర్లాండో
వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇండియన్ పాస్‌పోర్టు అయితే అమెరికా వీసాకి ఇంకా 180 రోజులు గడువుండాలి, అప్పుడు కొలంబియాకి వేరే వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా పర్లేదు. రూల్సు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు కాన్సులేట్ సైటు చూడండి. విమానానికి మూడు రోజుల ముందు నుంచి చెక్-మిగ్ అనే ఫారం ఆన్‌లైన్లో నింపాలి, ఉచితమే. దానికి డబ్బులడిగే సైట్లు ఉన్నాయి, వాటిలో పడొద్దు.

ముఖ్యమైనది ఇంకోటి. అత్తగారు తర్వాత ఇండియా ఎప్పుడు వెళ్తున్నారు?

మయామి_శీను
కొలంబియా నుంచి రాగానే, అదే వారంలో. సంక్రాంతికి ఊళ్ళో ఉండాలని పట్టు.

లక్ష్మి_ఓర్లాండో
అయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించి పసుపు కార్డు చేతికివ్వండి. కొలంబియా ఆ జబ్బున్న దేశాల జాబితాలో ఉంది. కార్డు లేకుండా దిగితే ఇండియా ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేసిన పది రోజులకి గాని కార్డు చెల్లదు. అరవై దాటినవాళ్ళకి ఆ టీకా పడుతుందో లేదో డాక్టరే చెప్పాలి, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మయామి_శీను
ఆవిడకి 67. రేపే ఫోన్ చేస్తా.

స్టాంపుల_శాస్త్రి
శీను గారూ, పాత పుస్తకాల కొట్లు కనిపిస్తే నా కోసం స్కాడ్టా కవర్లు ఉన్నాయేమో అడగండి. అచ్చు మాత్రం దగ్గరగా ఫొటో తీసి పంపండి, నకిలీలు బోలెడు.

కడప_కుర్రోడు
అన్నా, ఫిబ్రవరిలో అక్కడి కార్నివాల్ ఉత్సవానికి వెళ్దామనుకుంటున్నాం, అప్పుడు బరాంకియాలో హోటళ్ళు దొరుకుతాయా?

లక్ష్మి_ఓర్లాండో
ఆ నాలుగు రోజులూ కష్టమే. సాంతా మార్తాలో ఉండి రోజూ వచ్చిపోయేవాళ్ళున్నారు. కొత్త త్రెడ్ మొదలెట్టు, వివరంగా రాస్తా.